కార్బన్ ఫ్రేము మీద కట్టుకునే రోడ్డు సైకిలు: తెనాలి, బాపట్ల, రేపల్లె నేల మీద

కార్బన్ ఫ్రేమ్‌సెట్ ఒకటి కొని, మిగతా భాగాలు విడివిడిగా తెప్పించి, సొంత చేతులతో బిగించుకున్న రోడ్డు సైకిలు కృష్ణా డెల్టాకు కొత్త సరుకే. సైకిలును ముక్కల నుంచి నిలబెట్టడం మాత్రం ఇక్కడ కొత్త పని కాదు. లూధియానా హీరో అయినా, సోనేపట్ అట్లాస్ అయినా, మద్రాసు హెర్క్యులిస్ అయినా షాపుకు వచ్చేది విప్పిన భాగాలుగానే. షాపులో మెకానిక్కు రిమ్ముకు చువ్వలు ఎక్కించి, బెండు తీసి, గ్రీజులో గుళ్ళు పేర్చి, కోన్లు బిగించి, చైను వేసి, సీటు ఎత్తు సరిచేసి ఇచ్చేవాడు. కొన్నవాడు అంతసేపూ పక్కన బల్ల మీద కూర్చుని చూసేవాడు. దానికి ఫిట్టింగు అని పేరు. ఏడాదికోసారి అదంతా విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ బిగించడం ఓవరాయిలింగు.

ఆ ఫిట్టింగుకూ ఈ ఫిట్టింగుకూ ఉన్న తేడా ఒక్కటే. పాత సైకిలులో ఏ కంపెనీ ఫ్రీవీలైనా ఏ హబ్బుకైనా ఎక్కేది. 28 అంగుళాల టైరు అడిగితే షాపువాడు ఎదురు ప్రశ్న వేయకుండా తీసిచ్చేవాడు. కార్బన్ సైకిలులో ఏదీ దానంతట అది కుదరదు. యాక్సిల్ మందం, బేరింగు వ్యాసం, బ్రేకు బిగించే చోటు, హ్యాండిల్ గొట్టం లావు, అన్నిటికీ రెండు మూడు పద్ధతులున్నాయి. అందుకే ఈ పనిలో కష్టం పానాల దగ్గర కాదు, భాగాలు ఆర్డరు పెట్టక ముందు కాగితం మీద రాసుకునే కొలతల పట్టీ దగ్గర ఉంది.

ఫ్రేమ్‌సెట్ అంటే ఫ్రేము, ముందు ఫోర్కు, రెంటినీ కలిపే హెడ్‌సెట్ బేరింగులు, చాలాసార్లు సీటు పోస్టు, చక్రాలను పట్టే త్రూ యాక్సిళ్ళు. మధ్యరకం డిస్కు బ్రేకు ఫ్రేము సుమారు ఒక కిలో, ఫోర్కు నాలుగు వందల గ్రాములు తూగుతాయి. గేర్లు, బ్రేకులు, క్రాంకు, చైను కలిసిన గ్రూప్‌సెట్ మూడు కిలోలకు కొంచెం అటూఇటూ. చక్రాలు కిలోన్నర నుంచి కిలో ఎనిమిది వందల గ్రాములు. టైర్లు, హ్యాండిల్, సీటు, పెడళ్ళు చేరితే మొత్తం ఎనిమిది కిలోల దగ్గర ఆగుతుంది. వెనక వడ్ల బస్తా మోసిన పాత నల్ల సైకిలు వట్టిదే ఇరవై కిలోల దాకా ఉండేది. పందెపు సైకిలు 6.8 కిలోల కన్నా తేలిగ్గా ఉండకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000లో హద్దు పెట్టింది. సొంతానికి తొక్కుకునేవాళ్ళకు ఆ హద్దు వర్తించదు.

పేక లేని పడుగు

కార్బన్ ఫ్రేము పోత పోసినది కాదు, పలకలు వంచి అతికినదీ కాదు. బట్ట లాంటిది. పాలీఆక్రిలోనైట్రైల్ అనే కృత్రిమ దారాన్ని గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో మాడిస్తే మిగిలేది దాదాపు అచ్చమైన కార్బన్ పోగు. దాని మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన ఏడో ఎనిమిదో, తల వెంట్రుకలో పదో వంతు. ఈ పోగులను పక్కపక్కన పరిచి ఎపాక్సీ జిగురులో తడిపి పలచని పట్టీలుగా చేస్తారు. ఆ పట్టీలను ముక్కలుగా కోసి, వందల ముక్కలను చేత్తో ఒకదాని మీద ఒకటి వేరువేరు కోణాల్లో అచ్చులో పేరుస్తారు. లోపల గాలితిత్తి ఉబ్బించి వేడిచేస్తే జిగురు గట్టిపడి గొట్టం తయారవుతుంది.

చీరాల పేరాల మగ్గాలు బాపట్లకు ఎంతో దూరం కాదు కనుక ఈ ప్రాంతపు పాఠకుడికి పోలిక సులువే: కార్బన్ ఫ్రేములో బలమిచ్చే పొరలు చాలావరకు పేక లేని పడుగు. పోగు పొడవునా లాగితే ఉక్కును మించిన బలం, అడ్డంగా లాగితే జిగురుకున్నంతే బలం. అందుకే పొరల కోణాలే ఆ ఫ్రేము స్వభావాన్ని నిర్ణయిస్తాయి. పెడలు దగ్గర వంగకుండా, సీటు దగ్గర కొంచెం వంగేలా ఒకే ఫ్రేములో రెండు గుణాలు పెట్టడం అలాగే సాధ్యమైంది. పైకి గళ్ళగళ్ళుగా కనిపించే నేత చాలా ఫ్రేముల్లో అలంకారం కోసం వేసిన చివరి పొర.

ఉక్కు లగ్గుల్లో కార్బన్ గొట్టాలు అతికించిన సైకిళ్ళు 1970ల మధ్యలో అమెరికాలో బజారుకొచ్చాయి. గ్రాఫ్‌టెక్ పేరుతో వాటిని అమ్మింది సైకిల్ కంపెనీ కాదు, ఎక్సాన్ చమురు సంస్థ. కార్బన్ ఫ్రేముకు నిజమైన పేరు తెచ్చింది 1986. ఆ ఏడు గ్రెగ్ లెమాండ్ ఫ్రెంచి కంపెనీ లుక్ తయారుచేసిన కార్బన్ సైకిలు మీద టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. బాపట్ల వరి పరిశోధన నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, విడుదలైందీ అదే ఏడు. డెల్టా ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకునేది దేనికో చెప్పక్కర్లేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ తొక్కిన లోటస్ సైకిలు, గొట్టాల లెక్క వదిలేసి ఒకే అచ్చులో ఫ్రేము తీయవచ్చని ప్రపంచానికి చూపించింది.

తెలుగు నేలకు ఈ పదార్థంతో పరిచయం సైకిలు దారిన రాలేదు, క్షిపణి దారిన వచ్చింది. హైదరాబాదు రక్షణ ప్రయోగశాలలు అగ్ని క్షిపణి ముక్కుకు కార్బన్ మిశ్రమ పదార్థాలు తయారుచేశాయి. అక్కడ పనిచేస్తున్న అబ్దుల్ కలాం, నిమ్స్ ఎముకల వైద్యుడు చూపించిన పోలియో పిల్లలు మోస్తున్న మూడు కిలోల ఇనుప కాలిపట్టీలను అదే పరిజ్ఞానంతో మూడు వందల గ్రాములకు దించిన సంగతి తన ప్రసంగాల్లో పదేపదే చెప్పేవారు. తేలిక అనే గుణం విలువ అక్కడ తెలుస్తుంది. డెల్టా రోడ్డు మీద ఆ విలువ ఎంత అన్నది వేరే లెక్క.

చదును నేల లెక్క

కొనేవాళ్ళు మొదట అడిగేది ఫ్రేము ఎన్ని గ్రాములని. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య తొక్కేవాళ్ళకు ఆ ప్రశ్న దాదాపు దండగ. తెనాలి సముద్ర మట్టానికి పదకొండు మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి బాపట్ల వైపు గానీ రేపల్లె వైపు గానీ నేల సముద్రం దాకా తెలిసీ తెలియనట్టు వాలుతుంది. 1850లలో కట్టిన కృష్ణా ఆనకట్ట నుంచి తవ్విన కాలువలు నీరు దానంతట అది పారేలా తీసినవి. ఆ కాలువ గట్ల వెంట వేసిన రోడ్లకు ఎక్కుడు ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కుడు అంటే రైల్వే వంతెనో, పెనుమూడి దగ్గర కృష్ణ మీద పులిగడ్డ వారధో.

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద పోతున్నప్పుడు సైకిలు బరువు ఒక కిలో తగ్గితే మిగిలేది అర వాటు కూడా కాదు. ఆ వేగానికి మనిషి పెట్టే శక్తి నూట యాభై, రెండు వందల వాట్లు. అదే కిలో కొండవీడు ఘాటు లాంటి ఎక్కుడు మీద, నూటికి ఎనిమిది వాలులో గంటకు పది కిలోమీటర్లతో పోతుంటే రెండు వాట్ల పైచిలుకు మిగులుస్తుంది. చదునులో శక్తిలో పెద్ద వాటా తినేసేది గాలి. మధ్యాహ్నం సముద్రం మీద నుంచి గాలి తిరిగాక బాపట్ల దిక్కుగా తొక్కేవాళ్ళకు ఇది సూత్రాలతో పని లేకుండా తెలుస్తుంది: ఎదురుగాలి గంటకు పదిహేను కిలోమీటర్లుంటే, ఇరవై ఐదుతో పోయేవాడికి తగిలే గాలి నలభైది.

కాబట్టి ఇక్కడ డబ్బు పెట్టాల్సింది ఏడు వందల గ్రాముల ఫ్రేము మీద కాదు. గాలిని కోసుకుపోయే గొట్టాల ఆకారం, నడుము వంచి గంటల తరబడి కూర్చోగల కొలత, 32 మిల్లీమీటర్ల టైరు పట్టే ఎడం, ఈ మూడూ ఉన్న ఫ్రేము కొంచెం బరువైనా మేలు. టైరు ఎడం మాట ముఖ్యం. కోతల కాలంలో రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, మిగతా సగం మీద ట్రాక్టరు చక్రాలు జార్చిన నల్లమట్టి పెళ్ళలు. మట్టి రోడ్డు గట్టు దిగితే సర్కారు తుమ్మ ముళ్ళు. సన్నని 23 మిల్లీమీటర్ల టైరు వేసి రాయిలా గాలి కొట్టే పాత అలవాటు రేసు మైదానాల్లోనే పోయింది. 28 నుంచి 32 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరు, లోపల ముల్లు చేసిన రంధ్రాన్ని తనే పూడ్చుకునే పాల లాంటి సీలెంటు, గాలి నాలుగైదు బార్లు, ఇది ఈ నేలకు సరిపడే ఏర్పాటు. హుక్కు లేని రిమ్ములు కొంటే ఐదు బార్లు దాటకూడదన్న నియమం ఉంది. పంచరు షాపు కంప్రెసరు దగ్గర ఆ సంగతి ముందే చెప్పాలి.

గేర్ల ఎంపికలోనూ చదును నేల మాటే చెల్లుతుంది. రోడ్డు సైకిళ్ళలో ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యే వెనక పళ్ళచక్రాల గుత్తి 11 నుంచి 34 పళ్ళది. కొండలెక్కడానికి మంచిదే, కానీ అందులో 15 పళ్ళ తర్వాత వచ్చేది 17. ముందు 50 పళ్ళ చక్రం మీద నిమిషానికి తొంభై సార్లు తొక్కితే 17 మీద గంటకు సుమారు 33 కిలోమీటర్లు, 15 మీద దాదాపు 38. నడుమ వేగంలో పోవాలంటే కాళ్ళ లయ చెడాలి. షిమానో 12 చక్రాల 11-30 గుత్తిలో ఆ మధ్యన 16 ఉంది, అది 35 కిలోమీటర్ల చోటు నింపుతుంది. గాలికి ఎదురు పోతూ గంటల తరబడి ఒకే లయలో తొక్కేవాళ్ళకు 34 పళ్ళ చక్రం కన్నా ఈ 16 విలువైనది. ముందు 44, వెనక 18 ఉన్న పాత సైకిలు ఒక తొక్కుకు ఐదున్నర మీటర్లు పోయేది. ఆ ఒక్క గేరుతోనే డెల్టా మొత్తం బతికింది.

బీబీ అంకెల చిక్కు

బీపీటీ అంకెలు నోటికొచ్చిన బాపట్లకు బీబీ అంకెలు నేర్చుకోవడం పెద్ద పని కాకపోవచ్చు గానీ, కార్బన్ ఫ్రేము కొన్నవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఈ భాగమే. క్రాంకు తిరిగే బేరింగుల గూడును బాటమ్ బ్రాకెట్ అంటారు. పాత పద్ధతి మరల గూడు: 68 మిల్లీమీటర్ల వెడల్పు, అంగుళానికి 24 మరలు. దీని పేరు బీఎస్‌ఏ. బర్మింగ్‌హామ్ తుపాకుల ఫ్యాక్టరీ పేరు అది. మన ఊళ్ళలో బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ తొక్కిన తరానికి ఆ మూడక్షరాలు పరిచయమే. చైను వైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది, ఎడమ పెడలుకు తిరగమర ఉన్నట్టే. తెలియక బలం చూపిస్తే మర పోతుంది.

కార్బన్ ఫ్రేములు వచ్చాక మరలు వద్దని, బేరింగును నేరుగా గూడులోకి నొక్కి దించే పద్ధతులు బయల్దేరాయి. కానన్‌డేల్ 2000 ప్రాంతంలో తెచ్చిన బీబీ30 గూడు లోపలి వ్యాసం 42 మిల్లీమీటర్లు. షిమానో బీబీ86కు 41, వెడల్పు 86.5. పీఎఫ్30కి 46. ఇవి చాలవన్నట్టు క్రాంకు కడ్డీ లావులో మళ్ళీ తేడాలు: షిమానోది 24 మిల్లీమీటర్ల ఉక్కు, శ్రామ్ వారి డబ్ 28.99, మిగతావాళ్ళలో చాలామందిది 30. ఫ్రేము గూడు ఒకటి, క్రాంకు కడ్డీ మరొకటి అయితే మధ్యలో అడాప్టరు పడుతుంది, అడాప్టరు పడిన చోట కిర్రుకిర్రు మొదలవుతుంది. నొక్కుడు గూళ్ళ కిర్రుమోతతో విసిగి 2015లో టీ47 అనే పెద్ద మర గూడు పుట్టింది. ఇప్పుడు చాలా పెద్ద కంపెనీలు మళ్ళీ మరల వైపు తిరిగాయి. మొదటిసారి కట్టుకునేవాళ్ళు బీఎస్‌ఏ లేదా టీ47 గూడున్న ఫ్రేము వెతుక్కోవడం తెలివైన పని. మర ఏదైనా ఊళ్ళోని మెకానిక్కుకు అర్థమవుతుంది. నొక్కుడు గూడుకు ప్రత్యేకమైన ప్రెస్సు కావాలి, సుత్తితో కొడితే కార్బన్ పగులుతుంది.

మిగతా కొలతలు తొందరగా చెప్పేయవచ్చు. డిస్కు బ్రేకు రోడ్డు ఫ్రేములకు త్రూ యాక్సిల్ ముందు 12×100, వెనక 12×142 మిల్లీమీటర్లు. బ్రేకు కాలిపర్లు ఫ్లాట్ మౌంటు పద్ధతివి. డిస్కులు 160 లేదా 140.

ఒంటికి కొలత

చొక్కా సైజు లాగా ఫ్రేము సైజును 52, 54, 56 అని రాస్తారు. ఒక కంపెనీ 54 మరో కంపెనీ 54 కాదు. నమ్మదగినవి రెండు అంకెలు: బాటమ్ బ్రాకెట్ నుంచి హెడ్ గొట్టం పైకొస ఎంత ఎత్తున ఉంది, ఎంత ముందుకు ఉంది. మొదటిది స్టాక్, రెండోది రీచ్. ఇప్పటికే ఒంటికి కుదిరిన సైకిలు ఒకటుంటే దాని అంకెలు పక్కన పెట్టుకోవడం అన్నిటికన్నా మంచి దారి. సీటు ఎత్తుకు లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఉంది: పాదాల మధ్య పుస్తకం పెట్టుకుని గోడకు నిలబడి తొడల మొదలు దాకా కొలిచి, దాన్ని 0.883తో గుణించాలి. 82 సెంటీమీటర్లు వస్తే బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి సీటు పైదాకా 72.4. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే, మోకాలి వెనక నొప్పి వస్తే దించుకోవాలి, ముందు నొప్పి వస్తే ఎత్తుకోవాలి.

బిగింపు

ముందు ఖాళీ ఫ్రేమును వెలుతురులో తిప్పి చూడాలి. గూడు అంచుల్లో జిగురు గడ్డలు, బేరింగు కూర్చునే చోట రంగు మరకలు, గొట్టం మీద గీతలు. నాణెంతో మెల్లగా తట్టుకుంటూ పోతే గట్టి చోట కంచు మోత, పొరలు విడిన చోట మద్దెల మీద తడి గుడ్డ కప్పిన మోత. ఇది పూర్తి పరీక్ష కాదు గానీ అనుమానం రేపడానికి చాలు. పేరున్న కంపెనీ ముద్రతో నమ్మశక్యం కానంత చవకగా వచ్చేవి దొంగ సరుకు. ముద్ర లేకుండా, ఐఎస్ఓ 4210 పరీక్ష కాగితాలతో వచ్చే చైనా ఫ్రేములు దానికన్నా నిజాయితీ గలవి.

గొట్టాల లోపల బ్రేకు పైపులు, తీగలు దూర్చడంతో పని మొదలవుతుంది, ఓపిక పరీక్షా అక్కడే. హ్యాండిల్ లోంచి, హెడ్‌సెట్ బేరింగు మధ్యలోంచి, కింది గొట్టంలోంచి వెనక కాలిపర్ దాకా పైపు పోవాలి. అయస్కాంతం కట్టిన దారం ముందు దూర్చి, దాని వెంట పైపు లాగుతారు. పైపు గొట్టానికి కొట్టుకుని టకటకలాడకుండా స్పాంజి తొడుగు ఈ దశలోనే వేయాలి. మర్చిపోతే తర్వాత అన్నీ విప్పాలి. షిమానో 105లో 2022లో వచ్చిన ఎలక్ట్రిక్ గేర్లలో హ్యాండిల్ నుంచి తీగ లేదు, సంకేతం గాలిలో పోతుంది. ఇంట్లో కట్టుకునేవాళ్ళకు ఆ డబ్బుకు దొరికే పెద్ద సుఖం గేరు మారే వేగం కాదు, హ్యాండిల్ నుంచి గేరు తీగల దూర్చుడు తప్పడం.

ఫోర్కు గొట్టం కోయడం అందరినీ భయపెట్టే ఘట్టం. ఫోర్కు పొడుగు గొట్టంతో వస్తుంది, ఒంటికి తగినంత ఉంచి మిగతాది తెగ్గోయాలి. ఎక్కువ కోస్తే అతికేది లేదు. అందుకే మొదట కోయకుండానే, హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ కింద వలయాలు పేర్చి, కొన్ని రోజులు తొక్కి, ఎత్తు ఖాయమయ్యాక కోయాలి. సన్నపళ్ళ హాక్సా బ్లేడు, గీత చుట్టూ టేపు, తడి గుడ్డ, మూతికి మాస్కు. కార్బన్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పైన కోసిన అంచు స్టెమ్ లేదా వలయం పైభాగానికి మూడు మిల్లీమీటర్లు కిందుగా ఉంటే మూత బిగించినప్పుడు బేరింగు మీద ఒత్తిడి పడుతుంది. ఉక్కు గొట్టాల్లో కొట్టే నక్షత్రపు నట్టు ఇందులో వాడకూడదు, లోపలి నుంచి విచ్చుకునే ప్లగ్గు పెట్టాలి.

బ్రేకు నూనెలో డెల్టాకు పట్టింపు ఉండాల్సిన తేడా ఒకటుంది. షిమానోది ఖనిజ నూనె, నీటిని పీల్చదు. శ్రామ్ రోడ్డు బ్రేకుల్లో చాలాకాలంగా వాడింది డాట్ ద్రవం, గాలిలో తేమను లాగేసుకుంటుంది. తీరప్రాంతపు ఉక్కపోతలో దాన్ని క్రమం తప్పక మార్చాలి. ఒకదాని ద్రవం మరొకదాంట్లో పోస్తే రబ్బరు సీళ్ళు పాడవుతాయి.

ఇక మరలు. పాత మెకానిక్కు చేతి లెక్కతో బిగించేవాడు, ఉక్కు ఓర్చుకునేది. కార్బన్ ఓర్చుకోదు, నలిగినా పైకి చెప్పదు. టార్క్ రెంచి లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. స్టెమ్ మరలకు చాలావరకు ఐదు న్యూటన్ మీటర్లు, షిమానో క్రాంకు పక్క మరలకు పన్నెండు నుంచి పధ్నాలుగు, వెనక పళ్ళగుత్తి మూతకు నలభై. చాలా భాగాల మీద అంకె అచ్చేసి ఉంటుంది, అదే ప్రమాణం. కార్బన్ సీటు పోస్టుకు గ్రీజు రాయకూడదు. ఇసుక పలుకుల్లాంటి రేణువులున్న పేస్టు రాస్తే తక్కువ బిగింపుతోనే జారకుండా నిలుస్తుంది.

ఉప్పుగాలి

కార్బన్ తుప్పు పట్టదు, కానీ పక్కవాణ్ణి తుప్పు పట్టిస్తుంది. కార్బన్, అల్యూమినియం తాకుతున్న చోట ఉప్పు తేమ చేరితే రెండూ కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి, అందులో కరిగేది అల్యూమినియం. తెల్లని పొడి పట్టి, పోస్టు ఫ్రేములో బిగుసుకుపోయి, చివరకు ఫ్రేమును కోస్తే తప్ప రాని స్థితి వస్తుంది. మంచి ఫ్రేముల్లో లోహం తగిలే చోట గాజునార పొర అడ్డుగా వేస్తారు. బాపట్ల నుంచి సూర్యలంక బీచి తొమ్మిది కిలోమీటర్లే, రేపల్లె నుంచి నిజాంపట్నం రేవు కూడా ఒక ఉదయపు తొక్కుడే. ఇసుకలోకి దించకపోయినా ఉప్పుగాలి చాలు. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడగడం, చైను తుడిచి నూనె పెట్టడం, రెండు మూడు నెలలకోసారి సీటు పోస్టు బయటకు లాగి తుడిచి పెట్టడం ఇక్కడ తప్పనిసరి. ఎండకు కార్బన్ మెత్తబడుతుందన్న భయం మాత్రం అక్కర్లేదు, ఆ జిగురు గట్టిపడిందే మరిగే నీటిని మించిన వేడిలో.

ఇలా కట్టుకోవడం వల్ల డబ్బు మిగులుతుందా అంటే మామూలుగా మిగలదు. కంపెనీలు గ్రూప్‌సెట్లు వేల లెక్కన కొంటాయి. విడిగా ఒకటి కొనేవాడికి ఆ ధర రాదు. పైగా పనిముట్ల ఖర్చు. దక్కేదల్లా ఎదురుగాలికి సరిపోయే పళ్ళగుత్తి, ముళ్ళకు ఆగే టైరు, ఒంటికి సరైన హ్యాండిల్ వెడల్పు మొదటిరోజు నుంచే ఉండటం. తర్వాత ఎక్కడ మోత వచ్చినా అది ఏ మరదో తెలిసి ఉండటం.

కట్టిన సైకిలును పరీక్షించడానికి మూడు ఊళ్ళ త్రికోణం ఉండనే ఉంది. తెనాలి నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి కర్లపాలెం మీదుగా రేపల్లె, తిరిగి భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలి. దూరం నూరు కిలోమీటర్లు దాటుతుంది. తిరుగు దారిలో ఏ భాగమైనా మొరాయిస్తే తెనాలి-రేపల్లె రైలు మార్గం 34 కిలోమీటర్ల పొడవునా పక్కనే ఉంది. ఆ తర్వాతి మెట్టు ఆడాక్స్ ఇండియా రాండన్నూర్స్ పద్ధతిలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేసే రైడ్లు; 300, 400, 600 కూడా అయితే నాలుగేళ్ళకోసారి జరిగే 1200 కిలోమీటర్ల ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్‌కు అర్హత. ఆంధ్రా ప్యారిస్ అని పేరున్న తెనాలి వాళ్ళు అసలు ప్యారిస్‌కు పోవడానికి అదొక దారి.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత కొత్త సైకిలు కొంచెం సర్దుకుంటుంది. హెడ్‌సెట్ వదులవుతుంది, చువ్వల బిగింపు మారుతుంది, పైపులో చిక్కుకున్న గాలిబుడగ పైకొచ్చి బ్రేకు లీవరు మెత్తబడుతుంది. రిమ్ము బెండు తీయడానికి మళ్ళీ ఊళ్ళోని సైకిల్ షాపే గతి. డిస్కు బ్రేకు చూసి మొదట కొంచెం వెనక్కి తగ్గినా, చువ్వ మీద వేలితో మీటి బిగువు చెప్పగలిగే మెకానిక్కుకు ఆ చక్రంలో తెలియనిది పెద్దగా ఏమీ ఉండదు.